నాయన జనతా గడియారం, చిక్‌పేటలో వాచీ తాత కొట్టు

పాత కీ గడియారం ఒకటి ఇంట్లో ఉండి, ఎవరి చేతికివ్వాలో తెలీక బీరువాలో దాచుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బెంగళూరులో చిక్‌పేట మెట్రోలో దిగి, అవెన్యూ రోడ్డు పుస్తకాల కొట్లు దాటి పక్క సందుల్లోకి తిరిగితే ఒక పాత మేడ ఉంది. కింద ప్లాస్టిక్ సామాన్ల గోడౌను. పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే, మెట్ల మలుపులోనే, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళు నిలబడాల్సినంత చోట్లో గడియారాల రిపేరు కొట్టు. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయింది, నేను చదవలేకపోయాను. సందులో ఎవరినైనా 'వాచీ తాత' అని అడిగితే చూపిస్తారు. ఆయనది హిందూపురం వైపు. డెబ్బై దాటాయి. మనతో తెలుగు, మెట్లమీద వచ్చేపోయేవాళ్ళతో కన్నడం, గడియారం చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరితోనూ ఏ మాటా లేదు.

నేను తీసుకెళ్ళింది మా నాయన జనతా గడియారం, బెంగళూరు హెచ్‌ఎంటీ కంపెనీది. తెల్ల డయల్, స్టీలు కేసు, అరగకుండా లోపల 17 రాళ్ళు పొదిగిన మిషన్, రోజూ కీ ఇవ్వాలి. 1969లో పుంగనూరు దగ్గర మా అమ్మావాళ్ళ ఊళ్ళో పెళ్ళయినప్పుడు అల్లుడికి పెట్టింది. మా తాత ఆ ఏడు వేరుశనక్కాయలమ్మిన డబ్బుతో కొన్నాడట. అప్పట్లో హెచ్‌ఎంటీ అడగ్గానే దొరికేది కాదట, బెంగళూరులో ఉన్న చుట్టాలాయనకు ముందే చెప్పిపెట్టి తెప్పించాడట. మిగతా పెట్టుపోతలు ఏమొచ్చాయో అమ్మకు ఇప్పుడు గుర్తు లేదు. గడియారం డబ్బా ఏ రంగో మాత్రం చెప్తుంది.

పెళ్ళినాటికి నాయన సైన్యంలో చేరి ఏడేళ్ళు. 1962లో, చైనా యుద్ధం వచ్చిన ఏడు, మద్రాస్ సాపర్స్‌లోకి వెళ్ళాడు. అలసూరు చెరువు పక్కన ఇప్పటికీ వాళ్ళ సెంటరు ఉంది. సైన్యానికి దారులు, వంతెనలు వేసే ఇంజనీర్ల దళం అది, 1780లో మొదలైంది. అక్కడ జవానుకు 'తంబి' అని పేరు. తెలుగువాడైనా, మలయాళీ అయినా, కన్నడిగుడైనా అందరూ తంబీలే. నాయన కూడా చివరిదాకా పాత స్నేహితులు ఫోన్ చేస్తే 'ఏం తంబీ' అనే ఎత్తేవాడు. హవల్దారుగా 1979లో ఇంటికొచ్చేశాడు. రెండేళ్ళు ఊళ్ళో సేద్యం చేసి, 1981లో బెంగళూరు జాలహళ్ళిలోని హెచ్‌ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు సెక్షన్లో చేరాడు. పెళ్ళికి పెట్టిన గడియారం పుట్టింటికే తను ఇల్లరికం వచ్చానని అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా మా అమ్మ నవ్వేది. 2002లో రిటైరయ్యాడు.

పొద్దున ఆరు గంటలకు కాఫీ తాగి, లోటా కింద పెట్టి, కీ ఇచ్చేవాడు. బొటనవేలితో, చూపుడువేలితో, సరిగ్గా ఇరవై తిప్పులు. చివరి మూడేళ్ళు చేతులు వణుకుతుంటే అమ్మ ఇచ్చేది. ఆయన పక్కన కూర్చుని లెక్కపెట్టేవాడు. 2023 నవంబరులో నాయన పోయాక అమ్మ గడియారాన్ని ఆయన నల్ల ట్రంకుపెట్టెలో పెట్టేసింది. డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితాలు, మూడు మెడళ్ళు ఉన్న చోట. రక్షా మెడల్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. పది నెలలు అది తిరగలేదు.

సంవత్సరికానికి ముందు దాన్ని బాగుచేయించాలని అన్న అన్నాడు. ట్రంకులోంచి తీసి కీ ఇస్తే రెండు నిమిషాలు నడిచి ఆగిపోయేది. వాడే మొదట ఒక పెద్ద కొట్టుకు తీసుకెళ్ళాడు. గాజు తలుపులు, ఏసీ, టోకెను ఇచ్చే కొట్టు. పేరు ఇక్కడ రాయను. అక్కడి కుర్రాడు మూత కూడా తీయకుండానే చెప్పాడట: "లోపలి మిషన్ తీసేసి బ్యాటరీ మిషన్ వేస్తాం సార్. డయల్‌కి కొత్త పెయింటు, కేసుకి పాలిష్. కొత్తదానిలాగే ఉంటది. రోజూ కీ ఇచ్చే బాధే ఉండదు." అన్న సరేననబోయి, అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ అంది: "కీ ఇచ్చే పని లేకుంటే అది మీ నాయన గడియారం ఎట్లయితాదిరా? ఇంటికి తీసుకొని రా."

అట్లా ఆ గడియారం నా దగ్గరికొచ్చింది. నేను పనిచేసే స్కూల్లో లెక్కల మేష్టారు చెప్తే ఈ చిక్‌పేట కొట్టుకెళ్ళాను. సెప్టెంబరులో, ఒక శనివారం.

తాత గడియారాన్ని చేతిలోకి తీసుకుని వెంటనే తెరవలేదు. కంటికి భూతద్దం బిగించి, బల్లమీది దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఖర్చు గురించి కాదు, గడియారం ఎందుకాగిందని కూడా కాదు.

"ఇది కట్టుకున్నాయన డయల్ లోపలి వైపుకు, నాడి మీదికి కట్టుకునేవాడా అమ్మా?"

నాకు కాసేపు మాట రాలేదు. అవును. నాయన ఎప్పుడూ గడియారాన్ని మణికట్టు లోపలికి కట్టుకునేవాడు. టైమ్ చూడాలంటే అరచేయి పైకి తిప్పి, దోసిలి పట్టినట్టు చూసేవాడు. చిన్నప్పుడు నేనూ ఆయన్ని చూసి అట్లాగే కట్టుకుంటే స్కూల్లో పిల్లలు ఎగతాళి చేశారు.

తాత గ్లాసును దీపానికి ఏటవాలుగా పట్టి చూపించాడు. "ఈ గీతలు చూడు తల్లీ. అన్నీ ఒకే దిక్కుగా, అడ్డంగా ఉండాయి. చేతిని బల్లమీద పెట్టి పని చేస్తే, డయల్ కింద పక్కకుంటేనే ఇట్లా పడతాయి. మామూలుగా కట్టుకున్నోళ్ళ గ్లాసు మీద గీతలు ఒక దిక్కుండదు. వాకిలికి తగిలి, గోడకు తగిలి, ఎట్లంటే అట్లా. లోపలికి కట్టుకునేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. మిలిట్రీవాళ్ళు, మిషన్ పనివాళ్ళు."

"మా నాయన రెండూ," అన్నాను.

ఆ తర్వాత ఆయన అడుగుతూ పోయాడు, నేను చెప్తూ పోయాను. ఏ యుద్ధం, ఎక్కడ, ఎన్నేళ్ళు. ఒక రిపేరు కొట్లో నిలబడి నేను మా నాయన గురించి అరగంట మాట్లాడతానని అనుకోలేదు. పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళు ఎట్లా పోయాడని అడిగారుగాని, ఎట్లా బతికాడని అడిగినవాళ్ళు తక్కువ.

ఆ రోజు చెప్పిందే కొంచెం ఇక్కడా చెప్తాను. ఈ గడియారం చూసిన చోటు కాబట్టి.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, నాయన 9 ఇంజనీర్ రెజిమెంటుతో పశ్చిమ సరిహద్దులో శకర్‌గఢ్ వైపు ఉన్నాడు. బసంతర్ నది దగ్గర పాకిస్తాన్ సైన్యం పాతిన మందుపాతరల మధ్య మన ట్యాంకులకు దారి చెయ్యడం వాళ్ళ పని. బోర్లా పడుకుని, సన్నటి ఇనుప కడ్డీని నేలలోకి ఏటవాలుగా గుచ్చుతూ వెతకాలి. ఖాళీ చేసిన దారికి రెండు పక్కలా తెల్లటి టేపు పరుస్తూ పోవాలి. రాత్రిపూట, మీద ఫిరంగులు పేలుతుండగా. 16వ తేదీన పూనా హార్స్ అనే రెజిమెంటు ట్యాంకులు పోయింది ఆ దారుల్లోనే. దారి పూర్తికాకముందే ట్యాంకులు కదలాల్సి వచ్చింది. 21 ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఆ రోజు యుద్ధంలోనే చనిపోయి పరమవీరచక్ర పొందాడు. సాపర్లలో మేజర్ విజయ్ రత్తన్ చౌదరికి మరణానంతరం మహావీరచక్ర వచ్చింది. ఆ పేరు నాయన నోట ఎప్పుడొచ్చినా, కూర్చున్నవాడు లేచి నిలబడి చెప్పేవాడు.

తన సంగతి చెప్పిందల్లా ఒక్కటే. మర్నాడు 17వ తేదీ రాత్రి 8 గంటలకు కాల్పులు ఆపాలని హుకుం వచ్చిందట. గుంతలో కూర్చుని, టార్చికి రుమాలు చుట్టి, అరచేయి పైకి తిప్పి, నలుగురూ ఈ గడియారాన్నే చూస్తూ కూర్చున్నారట. ఆ నలుగురిలో గడియారమున్నది నాయనకే. పెళ్ళిలో పెట్టిన గడియారం. ఎనిమిదయ్యాక చప్పుడు ఆగితే, ఆ నిశ్శబ్దంలో దీని టిక్ టిక్ వినిపించిందట. ఇంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆయన భయమో అలవాటో ఒకటి మాత్రం మాకు తెలుసు. జాతరలోగానీ, పొలంలోగానీ, ఎక్కడికి తీసుకెళ్ళినా "నా అడుగులో అడుగేసి రండి" అనేవాడు. పిల్లలం ముగ్గురం వరుసగా ఆయన వెనక అట్లాగే నడిచేవాళ్ళం.

వాచీ తాత ఇదంతా విని, గడియారాన్ని ఒక మెత్తటి గుడ్డమీద పెట్టి, వెనక మూత తీశాడు.

ఈ కొట్టు గురించి రాయాలనిపించింది ఆ తర్వాత జరిగిన దానికోసమే. ఆయన మిషన్ కంటే ముందు మూత లోపలి వైపు చూశాడు. భూతద్దం తీసి నా చేతికిచ్చి, "చూడమ్మా, గడియారం జాతకం ఇక్కడుంటాది" అన్నాడు. నాకు మొదట మెరుపు తప్ప ఏమీ కనపడలేదు. దీపం కింద మూతను ఆయనే మెల్లగా తిప్పాడు. ఒక కోణంలో వెంట్రుకంత సన్నటి గీతలు పైకి తేలాయి. సూదితో గీకిన అంకెలు. 4/82. దాని కింద 11/88. ఇంకాస్త కింద, వంపు దగ్గర, 7/02. మూడింటి పక్కనా ఒకే గుర్తు, కన్నడ 'ಮ' లాంటి... కాదు, మన 'మ'యే. చిన్నది, చీమ తలంత.

రిపేరు చేసినవాళ్ళు మూత లోపల తేదీ, తమ గుర్తు గీకిపెట్టడం పాత పద్ధతట. తర్వాత తెరిచినవాడికి ముందు ఎవరు, ఎప్పుడు చేశారో తెలియడానికి. యాభై ఏళ్ళు ఈ గడియారాన్ని రోజూ చూసిన మాకు ఎవరికీ ఆ సంగతి తెలీదు.

4/82 అంటే నాయన ఫ్యాక్టరీలో చేరిన మరుసటేడు. 'మ' ఎవరో ఇంటికెళ్ళి చెప్పగానే అమ్మ గుర్తుపట్టింది. జాలహళ్ళిలో మా పక్క ఇంట్లో ఉండిన మామ. అసెంబ్లీ సెక్షన్లో పనిచేసేవాడు, మదనపల్లె ఆయన. మా పిల్లలకు వరుస కలిపి మామ, అంతే. ఆయన చేతివేళ్ళు మగవాళ్ళ వేళ్ళలా ఉండేవి కావు, అంత సన్నగా ఉండేవి.

11/88 సంగతి నాకే గుర్తుంది. డయల్ మీద 4 అంకె పక్కన చింతగింజంత ముదురు మచ్చ ఒకటుంది. ఆ ఏడు వానలకు ఫ్యాక్టరీలో సంపు పొంగితే, పంపు బాగుచేయడానికి నాయన చొక్కా విప్పి దిగాడుగాని గడియారం విప్పడం మరిచిపోయాడు. ఇంటికొచ్చినప్పుడు గ్లాసు లోపల ఆవిరి. రాత్రి భోజనం కూడా చెయ్యకుండా పక్కింటికెళ్ళాడు. తాతకు ఇది చెప్పక ముందే ఆయన అన్నాడు: "88లో నీళ్ళు పోయినాయి. కానీ ఆ రోజే తెరిచి ఆరబెట్టినాడు ఎవరో మహానుభావుడు. లేకుంటే ఈ మిషన్ తుప్పుముద్ద అయ్యుండేది." మచ్చ ఒక చోట, తేదీ ఒక చోట. రెండింటినీ కలిపి చదవగలిగిన మనిషి ఎదురుగా కూర్చున్నాడు.

7/02 నాయన రిటైరైన నెల. మామ సర్వీసు చేసి ఇచ్చిన చివరిసారి. ఆయన 2005లో పోయాడు. ఆ తర్వాత నాయన దీన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

తాత లెక్క వేసి తల ఊపాడు. "22 ఏళ్ళు నూనె చుక్క లేకుండా నడిచింది. సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటాది తల్లీ ఇది, గంటకు 18,000 సార్లు. మనిషైనా ఇంత చాకిరీ చేసినాక అడుగుతాడు. ఇది అడగలేదు."

ఇక పని సంగతి. ఆయన నాతో ఒక్కొక్కటీ చెప్పి ఒప్పించుకున్నాకే మొదలుపెట్టాడు. మిషన్ మొత్తం విప్పి కడగాలి, కొత్తగా నూనె పెట్టాలి. మెయిన్ స్ప్రింగు అలిసిపోయింది, మార్చాలి. కీ పళ్ళు అరిగాయి, అదీ మార్చాలి. గ్లాసు ప్లాస్టిక్‌దే కాబట్టి రుద్ది తేటపరచవచ్చు. లోతైన గీతలు రెండు మిగులుతాయి, అవీ పోవాలంటే గ్లాసు మార్చాలి. నేను మిగలనివ్వండి అన్నాను. డయల్ మచ్చ గురించి ఆయనే ముందుగా అన్నాడు: "దీన్ని నేను ముట్టుకోను. మచ్చ తీయబోతే అక్షరాలూ లేచొస్తాయి. రంగు వేయించాలంటే వేరే కొట్లుండాయి, నా దగ్గరకు మాత్రం తేవద్దు." కేసుకు పాలిష్ కూడా వద్దన్నాడు. పాలిష్ అంటే లోహాన్ని అరగదీయడమేనట. అంచులు మొద్దుబారి, గడియారం సబ్బుబిళ్ళలా అయిపోతుందట.

ఈ ముక్క హెచ్‌ఎంటీలు కొనేవాళ్ళకు కూడా పనికొస్తుంది. ఇప్పుడు పాత జనతా, పైలట్ గడియారాలు ఆన్‌లైన్లో చాలా అమ్ముతున్నారు. తళతళలాడే డయల్, వింత రంగులు కనిపిస్తే అది కొత్తగా రంగు పూసిందే అయ్యుంటుందని తాత మాట. పేర్ల అక్షరాలు మందంగా, వంకరగా ఉంటాయి. ఒక మిషన్, ఇంకోదాని కేసు, మూడోదాని ముళ్ళు కలిపి అమ్మేవీ ఉన్నాయి. రెండు గడియారాలు పక్కపక్కన పెట్టి నాకు తేడా చూపించాడు. అసలుదానిలో అక్షరం అంచు బ్లేడుతో కోసినట్టుంది. రెండోదానిలో ఇంకు పీల్చిన కాగితంలా చెదిరింది.

విడిభాగాల సంగతి కష్టమే. హెచ్‌ఎంటీ 1953లో జాలహళ్ళిలో మొదలైంది, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో గడియారాలు చెయ్యడం ప్రారంభించింది. 2016లో హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసెయ్యాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇప్పుడు దొరికే సామాన్లు పాత నిల్వల్లోవే. తాత దగ్గర హోమియోపతి మందుల డబ్బాల్లాంటి చిన్న సీసాలు, వాటిలో రకరకాల స్క్రూలు, ముళ్ళు. మూతపడ్డ రిపేరు కొట్లనుంచి కిలోల లెక్కన కొని, కూర్చుని ఏరుకున్నాడట. మా గడియారంలో వేసిన స్ప్రింగు అట్లా వచ్చిందే, ఫ్యాక్టరీ కాగితం చుట్టిందే.

ఆ మూసివేత వార్త టీవీలో వచ్చిన రోజు నాయన ఏమీ అనలేదు. మర్నాడు ఆదివారం కాకపోయినా లాల్‌బాగ్ పోదాం రమ్మన్నాడు. అక్కడి పూల గడియారం హెచ్‌ఎంటీదే. మా చిన్నప్పుడు నెలకోసారి తీసుకెళ్ళి, తన గడియారం దానితో సరిచూసుకుని, పిల్లలకు చెరొక శనక్కాయల పొట్లం కొనిపెట్టేవాడు. ఆ రోజు కూడా అరచేయి తిప్పి చూసుకున్నాడు. జాలహళ్ళిలో 2019లో పెట్టిన హెచ్‌ఎంటీ మ్యూజియానికి మాత్రం ఎంత పిలిచినా రాలేదు. నేనూ, మా అబ్బాయీ వెళ్ళొచ్చాం. పాత గడియారాలు, మిషన్లు చక్కగా పెట్టారు. చూడదగ్గ చోటు.

కొట్టులో నచ్చనివీ చెప్పాలి. పది రోజుల్లో ఇస్తానన్నాడు, ఐదు వారాలు పట్టింది. సంవత్సరికం దగ్గరపడుతుంటే నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ ఎత్తడు. మనవడు ఎత్తితే "తాత పనిలో ఉన్నాడక్కా" అంటాడు, అంతకుమించి వాడికీ తెలీదు. రసీదు అంటే ఒక చిన్న చీటీ మీద తేదీ, పేరు. అది పోగొట్టుకుంటే ఎట్లా అని అడిగితే, "గడియారాన్ని నేను మర్చిపోనమ్మా" అన్నాడు. ఆయన మర్చిపోడు, నిజమే. కానీ ఇట్లాంటి వస్తువు ఇచ్చేటప్పుడు మనకు ధైర్యంగా ఉండాలంటే కాగితం ఉండాలి. నేను ఇచ్చేముందు ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకున్నాను, మీరూ తీసుకోండి. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అమ్మను తీసుకెళ్ళాలనుకుని ఆ మెట్లు చూసి మానుకున్నాను.

ఇంకొకటి. మొదటిసారి తెచ్చుకున్నాక రోజుకు నిమిషంన్నర ముందుకు పరుగెత్తింది. మూడు రోజులు రాసిపెట్టుకుని మళ్ళీ తీసుకెళ్ళాను. తాత ఆ చీటీ చదివి సంతోషపడ్డాడు. "ఇట్లా రాసుకొచ్చేవాళ్ళు ఎవరుండారమ్మా ఇప్పుడు" అని, అక్కడే కూర్చోబెట్టి సరిచేశాడు. డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు రోజుకు పదిహేను సెకన్లు ముందుంటుంది. 55 ఏళ్ళ గడియారానికి అది చాలని ఆయనే చెప్పాడు, నాకూ చాలు.

మొత్తం 1,850 రూపాయలు అయింది. పట్టీ ఇందులో లేదు. మార్చిన పాత స్ప్రింగు, పాత కీ ఒక చిన్న కాగితం పొట్లంలో మడిచి గడియారంతో పాటే ఇచ్చాడు. అడక్కుండానే. నేను చూసిన ఏ రిపేరు కొట్లోనూ ఇట్లా ఇవ్వలేదు. ఆ కీ మీద నొక్కులు ఒక పక్క పూర్తిగా నున్నబడిపోయాయి. నాయన బొటనవేలు ఆనిన పక్క. దాన్ని అన్న తీసుకున్నాడు. హోసూరులో వాడి ఇంట్లో దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టుకున్నాడు.

గడియారం చేతికిచ్చే ముందు తాత మూత ఇంకా బిగించలేదు. సూది పట్టుకుని, నా మొహంలోకి చూసి అడిగాడు: "నాదీ ఒకటి గీకనా తల్లీ? మీ మామ గీతల కింద కొంచెం చోటుంది."

గీకమన్నాను. 10/24. పక్కన 'హ'. ఎందుకని అడిగితే, హిందూపురం అన్నాడు. ఆయన చెయ్యి వణకలేదు. అంకెలు మామ అంకెల కంటే కొంచెం పెద్దవిగా వచ్చాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: ఆదివారం సెలవు. పొద్దున పదకొండు తర్వాత వెళ్ళండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఆయన పడుకుంటాడు. కీ గడియారాలే చేస్తాడు, బ్యాటరీవి మనవడు చూస్తాడు. గడియారం ఎవరిదో, ఎట్లా వాడారో తెలిసినవాళ్ళు వెళ్తే మంచిది. అడుగుతాడు. తొందరగా కావాలనుకుంటే వెళ్ళకండి.

సంవత్సరికం రోజు పొద్దున, అయ్యవారు రాకముందే, అమ్మ స్నానం చేసి వచ్చి నాయన ఫోటో ముందు కూర్చుంది. చెల్లెలు మదనపల్లె నుంచి రాత్రే వచ్చింది. అన్న వంటవాళ్ళతో ఉన్నాడు. నేను గడియారం అమ్మ చేతికిచ్చాను. కొత్త కీ గరుకుగా ఉందని ఒకసారి కొంగుతో తుడిచింది. తర్వాత లెక్కపెడుతూ తిప్పడం మొదలుపెట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. అలవాటుగా అక్కడ ఆపి, మళ్ళీ వేలితో మెల్లగా నొక్కి చూసింది. కీ ముందుకు కదిలింది.

"ఇంకా తిరగతా ఉందే ఇది," అని నా వైపు చూసింది.

"స్ప్రింగు కొత్తది కదమ్మా, ఇంకో ఐదారు పడతాయి," అన్నాను.

ఇరవై ఆరు దగ్గర ఆగింది. అమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, తర్వాత మా అబ్బాయిని పిలిచి చేతికి కట్టింది. డయల్ లోపలి వైపుకు.